పాత స్కీ బోటు కొంటున్నారా? స్లాలమ్‌కీ ఇంటిల్లిపాదికీ సరిపోయేది ఎలా ఎంచుకోవాలి

స్లాలమ్ (బోటు లాగుతుంటే, నీళ్లలో తేలే గుర్తు బంతుల, అంటే బోయ్‌ల, చుట్టూ ఒకే స్కీ మీద మలుపులు తిరగడం) మోజున్న ఇంట్లో బోటు మాట రాగానే రెండు కోరికలు ఎదురెదురుగా నిలబడతాయి. స్కీ చేసేవాళ్లకు బోటు వెనక లేచే అల చిన్నగా, మెత్తగా ఉండాలి. మిగతావాళ్లకు హాయిగా కూర్చునే చోటు కావాలి, పిల్లలను గాలి నింపిన ట్యూబ్ మీద తిప్పాలి, పది మంది కాకపోయినా ఆరుగురైనా ఎక్కాలి. అమ్మేవాళ్లంతా తమ బోటు రెండు పనులూ చేస్తుందనే చెబుతారు. రెండింటినీ సమానంగా చేసే బోటు మాత్రం ఉండదు. ఏదో ఒకటి ముందుంటుంది, రెండోది సర్దుకుంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒక్కరైనా స్లాలమ్‌ని పట్టుదలగా చేసేవాళ్లుంటే, ముందు వెతకాల్సింది డైరెక్ట్ డ్రైవ్ (ఇంజన్ నడుమ ఉండే రకం), ఓపెన్ బో (ముందు భాగంలో కూడా సీట్లు) ఉన్న ఇన్‌బోర్డ్ బోటు, అంటే ఇంజన్ బోటు లోపలే ఉండేది. చోటు కాస్త తగ్గినా మనుషులు సర్దుకుంటారు. అల బాగోకపోతే దాన్ని సర్దడానికి మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే అది బోటు అడుగు ఆకారంలోనే ఉంది.

ఇంజన్ ఎక్కడుంది?

పాత బోట్లు చూసేటప్పుడు కంపెనీ పేరు కన్నా, తయారైన సంవత్సరం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

డైరెక్ట్ డ్రైవ్‌లో ఇంజన్ సరిగ్గా బోటు మధ్యలో ఉంటుంది. దాని నుంచి షాఫ్ట్ ఏటవాలుగా అడుగు గుండా కిందికి దిగి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. బరువు నడుమ ఉండటం వల్ల వెనక భాగం నీళ్లలోకి కుంగదు. అడుగు కూడా వెనకవైపు దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి బోటు నీటి పైపైన పోతుంది, అల తక్కువగా లేస్తుంది. తాడు కట్టే పైలాన్ కూడా ఇంజన్ పక్కనే, బోటు నడుమ నిలబడి ఉంటుంది. స్లాలమ్ చేసే మనిషి ఒక బోయ్ నుంచి ఇంకో బోయ్‌కి దూసుకుపోతూ తాడును గట్టిగా లాగినప్పుడు ఆ లాగుడు నడుమ మీద పడుతుంది, వెనక భాగం పక్కకు జరగదు. దానికి తోడు అడుగున చిన్న ఫిన్‌లు (రెక్కలు) ఉంటాయి. అవి బోటును గీత గీసినట్టు తిన్నగా నడిపిస్తాయి.

వి-డ్రైవ్‌లో ఇంజన్ వెనక్కి వెళ్లిపోతుంది. షాఫ్ట్ ముందు బోటు ముందువైపుకు వెళ్లి, ఒక గేర్‌బాక్స్ దగ్గర మలుపు తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. మధ్యలో ఇంజన్ పెట్టె లేదు కాబట్టి లోపల చోటు బాగా పెరుగుతుంది, సీట్లు చుట్టూ వస్తాయి. కానీ బరువంతా వెనక చేరుతుంది, అల పెద్దదవుతుంది. వేక్‌బోర్డ్ (పలక మీద నిలబడి అల మీంచి ఎగరడం), వేక్‌సర్ఫ్ చేసేవాళ్లకు అదే కావాలి. స్లాలమ్‌కి అదే అడ్డు.

స్టెర్న్ డ్రైవ్ బోటు (ఇంజన్ లోపల వెనక అంచున, ప్రొపెల్లర్ భాగం బయట) లేక ఔట్‌బోర్డ్ మోటారు (ఇంజన్ మొత్తం వెనక బయట తగిలించేది) ఉన్న బోటు పాతవాటిలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి, తరచూ చవకగానూ దొరుకుతాయి. పెద్ద నీళ్లలో, అలలు ఎక్కువగా ఉన్న చోట అవి బాగా నడుస్తాయి. స్కీ నేర్చుకునేవాళ్లను లాగడానికీ పనికొస్తాయి. అయితే తాడు వెనక చివర కడతారు కాబట్టి మనిషి లాగిన ప్రతిసారీ బోటు తోక పక్కకు పోతుంది. స్లాలమ్ కోర్సు (బోయ్‌లు వరుసగా పెట్టిన దారి) నడపాలంటే డ్రైవర్‌కి ప్రాణం మీదికొస్తుంది. ఇంకో సంగతి, ఇది పిల్లలున్న ఇంటికి చాలా ముఖ్యం: వీటిలో ప్రొపెల్లర్ బోటు వెనక బయటికి ఉంటుంది. ఇన్‌బోర్డ్‌లలో అది అడుగు కింద, వెనక అంచుకు లోపలగా ఉంటుంది. అంతమాత్రాన ఇంజన్ తిరుగుతుండగా వెనకవైపు నీళ్లలో దిగొచ్చని కాదు, కానీ ప్రమాదం ఒక మెట్టు తక్కువ. బోటుకు దగ్గరగా అల మీద తేలే వేక్‌సర్ఫ్‌ని మామూలు స్టెర్న్ డ్రైవ్ వెనకో, ఔట్‌బోర్డ్ వెనకో అసలు చేయకూడదు.

ఇన్‌బోర్డ్ నడపడంలో ఒక చిక్కు ఉంది, కొత్తగా కొనేవాళ్లు తెలుసుకోవాలి. చుక్కాని మీదికి ప్రొపెల్లర్ నీళ్లు తోస్తేనే బోటు తిరుగుతుంది. రివర్స్‌లో వేస్తే మీరు చెప్పిన వైపు కాకుండా ఎప్పుడూ ఒక వైపుకే ఒరుగుతుంది. అలవాటైతే ఆ గుణాన్నే వాడుకుని ఒడ్డుకు చక్కగా చేర్చొచ్చు. మొదట్లో కాస్త టెన్షన్ పడతారు, అంతే.

అలను మీ వేగంలోనే చూడండి

ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే కొనేవాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే.

స్లాలమ్ కోర్సు పొడవు 259 మీటర్లు. ఆరు బోయ్‌లు, ఒక్కొక్కటి మధ్య గీత నుంచి 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. పోటీల్లో పెద్దవాళ్లకు గరిష్ఠ వేగం మగవాళ్లయితే గంటకు 58 కిలోమీటర్లు, ఆడవాళ్లయితే 55. ఆ వేగం అందుకున్నాక తాడు కుదిస్తూ పోతారు: 18.25 మీటర్లు, 16, 14.25, 13, 12, 11.25 అలా. 11.25 దగ్గర తాడు బోయ్ దూరం కన్నా చిన్నదైపోతుంది. ఆ తేడాను మనిషి తన ఒంటిని చాచి పూరించాలి. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మంచి బోట్ల గురించి మీరు వినే పొగడ్తల్లో ఎక్కువ భాగం ఆ వేగంలో, ఆ పొట్టి తాడుతో స్కీ చేసేవాళ్లవి. 55, 58 దగ్గర బోటు నీళ్లలోంచి బాగా పైకి లేచి ఉంటుంది. పొట్టి తాడుతో మనిషి బోటుకు దగ్గరగా, అల ఇంకా ఎదగని చోటే దాటిపోతాడు. అక్కడ మంచి బోట్ల మధ్య తేడా తక్కువ. మీ ఇంట్లో వాళ్లు స్కీ చేసేది బహుశా 40, 43, 46, 49 కిలోమీటర్ల దగ్గర, పొడుగు తాడుతో. అక్కడ బోటు లోతుగా కూర్చుంటుంది, అల ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. బోట్ల మధ్య అసలు తేడాలు బయటపడేది అక్కడే. పన్నెండేళ్ల పిల్ల ఆ అలను దాటేటప్పుడు కాళ్ల కింద గట్టు తగిలినట్టయితే, రెండుసార్లు పడితే, మూడోసారి ఇష్టంగా నీళ్లలో దిగదు. కాబట్టి ఇంటికి బోటు కొనేవాళ్లు ఛాంపియన్ వేగంలో అల ఎలా ఉందని కాదు, తమ వేగంలో ఎలా ఉందని అడగాలి.

చాలా బోట్లకు 16 మీటర్ల తాడు దగ్గర అల గట్టిగా తగిలే గుణం ఉంటుంది. 18.25 దగ్గర బాగుండి, 14.25 దగ్గర మళ్లీ మెత్తబడి, మధ్యలో ఒక గడ్డలా తగులుతుంది. తాడు కుదించడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఆ పొడవులో చాలా కాలం గడుపుతారు. ట్రయల్‌కి వెళ్లేటప్పుడు ఆ పొడవు తప్పకుండా పరీక్షించండి.

బరువు సంగతి కూడా. అమ్మే మనిషి ఒక్కడే నడుపుతూ మిమ్మల్ని లాగితే అల అందంగా ఉంటుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చోగానే అది వేరే అల. మీవాళ్లను వెంట తీసుకెళ్లండి, ఆదివారం ఎంతమంది ఎక్కుతారో అంతమందితో చూడండి. బరువు ముందుకూ వెనక్కూ జరిపితే అల ఎలా మారుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఏ కాలం బోటు?

పేర్ల దగ్గరికి వస్తే, స్లాలమ్ బోట్లలో మూడు కుటుంబాలు పాత మార్కెట్‌లో ఎక్కువగా కనిపిస్తాయి. కరెక్ట్ క్రాఫ్ట్ వాళ్ల స్కీ నాటీక్ 1961 నుంచి వస్తోంది. మాస్టర్‌క్రాఫ్ట్ 1968లో టెనెసీలో మొదలైంది, దాని స్లాలమ్ బోటు పేరు ప్రోస్టార్. మలిబు 1982లో కాలిఫోర్నియాలో పుట్టింది, దానిది రెస్పాన్స్. మోడల్ పేర్లలోని అంకెలు చాలావరకు పొడవే: స్కీ నాటీక్ 196 అంటే 19 అడుగుల 6 అంగుళాలు, 2010 మోడల్‌గా వచ్చిన 200 అంటే 20 అడుగులు. ఈ మూడింటిలో ఏది గొప్పదని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పాత బోటు కొనేవాళ్లకు ఆ వాదన వల్ల ఒరిగేది తక్కువ. బాగా చూసుకున్న బోటు ఏ కంపెనీదైనా, నిర్లక్ష్యం చేసిన గొప్ప బోటు కన్నా మేలు.

కాలాన్ని బట్టి మాత్రం స్పష్టమైన తేడాలున్నాయి. 1980ల బోట్లు, 1990ల తొలి సంవత్సరాల బోట్లు చవకగా దొరుకుతాయి. అల కూడా చాలావాటికి బాగుంటుంది, ఎందుకంటే తేలికగా ఉంటాయి. కానీ వాటిలో చాలావాటి ముందు భాగం మూసి ఉంటుంది, ఇంజన్లకు కార్బురేటర్లు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అడుగున బలాన్నిచ్చే స్ట్రింగర్లు చాలావాటిలో చెక్కవి. వాటి గురించి కింద చెబుతాను.

1990ల నడుమ నుంచి 2000ల నడుమ దాకా వచ్చినవి ఇంటికి సరిపోయేవని నా నమ్మకం. స్ట్రింగర్లు క్రమంగా చెక్క నుంచి ఫైబర్‌గ్లాస్‌కి మారాయి, ఇంజన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఓపెన్ బో మామూలైంది. ఇంజన్లు 5.7 లీటర్ల జీఎం (జనరల్ మోటార్స్) రకమో, నాటీక్‌లలో అయితే 5.8 లీటర్ల ఫోర్డ్ రకమో అయి ఉంటాయి. రెండూ ఏళ్ల తరబడి లక్షల బళ్లకు అమర్చిన ఇంజన్ల నుంచి వచ్చినవే, తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం కాదు. అయితే కారు విడిభాగాన్ని తెచ్చి బోటులో పెట్టకూడదు. బోటు స్టార్టర్, ఆల్టర్నేటర్, ఇంధన భాగాలు నిప్పురవ్వ బయటికి రాకుండా, పెట్రోలు ఆవిరి అంటుకోకుండా వేరుగా తయారవుతాయి.

2008 తర్వాతివాటికి వచ్చేసరికి అసలు ఆకర్షణ వేగ నియంత్రణ. స్లాలమ్‌లో బోటు వేగం కాస్త అటూ ఇటూ అయినా మనిషి లయ తప్పుతుంది. పాతవాటిలో పర్‌ఫెక్ట్‌పాస్ అనే యంత్రాన్ని తర్వాతైనా అమర్చుకోవచ్చు, కేబుల్‌తో నడిచే థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే మీట) ఉన్నా పనిచేస్తుంది. పోటీల్లో వాడే జీరో ఆఫ్ జీపీఎస్ ఆధారంగా నడుస్తుంది, దానికి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కావాలి. పాత కేబుల్ ఇంజన్‌కి దాన్ని తగిలించాలని చూడటం డబ్బు దండగ. పోటీలకు వెళ్లేవాళ్లు, కోర్సులో ఒక్కో బోయ్ లెక్కపెట్టుకునేవాళ్లు ఈ తరం బోటుకు ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థముంది. వారాంతంలో సరదాగా చేసేవాళ్లకు పాత బోటు, దాని మీద పర్‌ఫెక్ట్‌పాస్ చాలు.

ఓపెన్ బో గురించి ఒక జాగ్రత్త. ముందు సీట్లు పిల్లలకు ఎంతో ఇష్టం. కానీ స్కీ బోట్లు నీటికి చాలా దగ్గరగా ఉంటాయి. ముందు ఇద్దరు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్కసారిగా వేగం తగ్గిస్తే, సొంత అలే ముందు నుంచి లోపలికి వస్తుంది. మీరు వెళ్లే నీళ్లు పెద్దవైతే, మధ్యాహ్నం గాలికి అలలు లేచే చోటైతే, చిన్న డైరెక్ట్ డ్రైవ్ అందరి నడుములూ విరిచేస్తుంది. అలాంటి చోట మాస్టర్‌క్రాఫ్ట్ 205, మలిబు సన్‌సెటర్ లాంటి కాస్త పెద్ద డైరెక్ట్ డ్రైవ్‌లు చూడండి. స్లాలమ్ అల కొంచెం పెరుగుతుంది, ఇల్లు మాత్రం సంతోషంగా ఉంటుంది.

కొనే ముందు చేతులు పెట్టి చూడాల్సినవి

చెక్క స్ట్రింగర్లున్న బోటైతే వాటితోనే మొదలుపెట్టండి. అడుగున బోటు పొడవునా పరుచుకున్న ఈ దూలాల మీదే ఇంజన్ బిగించి ఉంటుంది. ఏళ్ల తరబడి నీళ్లు చేరి అవి లోపల కుళ్లుతాయి, పైకి ఏమీ కనబడదు. ప్లాస్టిక్ సుత్తితో పొడవునా తట్టండి. గట్టి చోట ఖంగున మోగుతుంది, కుళ్లిన చోట మొద్దుగా వినిపిస్తుంది. ఇంజన్ కాళ్లను పట్టి ఉంచే బోల్టులను స్పానర్‌తో బిగించి చూడండి. బిగుసుకోకుండా ఊరికే తిరుగుతూ ఉంటే లోపల చెక్క పోయినట్టే. బోటు లోపలి నేల మీద నడిచినప్పుడు ఎక్కడైనా మెత్తగా కుంగుతోందా చూడండి. దీని మరమ్మతు అంటే నేలంతా విప్పి, ఇంజన్ బయటికి తీసి చేసే పని. బోటు ధర ఎంత తక్కువైనా ఆ బోటు వదిలేయమనే చెబుతాను.

ఇంజన్‌ని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే ఎందుకో అడగండి. డిప్‌స్టిక్ మీద నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అందులో నీళ్లు చేరాయి. చలి దేశాల్లో శీతాకాలానికి నీళ్లు తీయకుండా వదిలేస్తే, అవి గడ్డకట్టి ఇంజన్ బ్లాక్ పగులుతుంది. బయట పక్కల తుప్పు గీతలో, కొత్త పెయింటో కనబడితే అనుమానించాలి. కంప్రెషన్ పరీక్షకు (సిలిండర్లలో ఒత్తిడి కొలవడానికి) మెకానిక్‌కి ఇచ్చే డబ్బు మిగతా అన్ని ఖర్చుల కన్నా విలువైనది. సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించకుండా ఉండటం మంచి గుర్తు. ఉప్పు నీళ్లలో తిరిగిన బోటైతే, ఇంజన్‌లోకి బయటి నీళ్లే నేరుగా వెళ్లే రకమైతే, లోపల ఎంత తిన్నదో పైనుంచి తెలియదు. నేనైతే మంచినీళ్లలో తిరిగినదే తీసుకుంటాను.

గంటల మీటరు చూసి భయపడకండి, మురిసిపోకండి. ఏటా నూనె మార్చి, నీళ్ల పంపు ఇంపెల్లర్ మార్చి, లెక్క రాసుకున్న వెయ్యి గంటల బోటు, షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న రెండు వందల గంటల బోటు కన్నా నమ్మదగినది. కదలని బోటులో ఇంధనం పాడవుతుంది, రబ్బరు ఎండుతుంది, సీళ్లు కారతాయి. ఇంజెక్షన్ ఇంజన్లలో చాలావాటి కంప్యూటర్‌లో గంటలు దాగి ఉంటాయి. మెకానిక్ స్కానర్ పెట్టి మీటరుతో పోల్చి చూడగలడు.

ట్రైలర్ మీదుండగానే కిందికి దూరి చూడండి. ప్రొపెల్లర్ అంచులు, వంగిన షాఫ్ట్, ఊగే చుక్కాని, వదులైన ఫిన్. షాఫ్ట్‌ని చేత్తో పక్కలకు కదిపితే బాగా ఆడుతుంటే అక్కడి బేరింగ్ అరిగింది, అది పెద్ద ఖర్చేమీ కాదు. షాఫ్ట్ లోపలికి వచ్చే చోట పాత రకం ప్యాకింగ్ ఉంటే, తిరుగుతున్నప్పుడు కొన్ని చుక్కలు పడటం మామూలే. ధారగా కారితే కాదు. పైలాన్ పట్టుకుని గట్టిగా ఊపండి. సీట్ల కుట్లు, జెల్‌కోట్ (బోటు పై పూత) మీద సన్నటి గీతలు బేరానికి పనికొస్తాయి, నిర్ణయానికి కాదు. ట్రైలర్ టైర్లు, బ్రేకులు, లైట్లు చూడండి. బోటు వెనక కుడివైపు ఉండే గుర్తింపు సంఖ్య కాగితాలతో సరిపోవాలి, బోటు మీద అప్పు ఉందేమో కనుక్కోవాలి.

నీళ్ల మీద

మీ తాడు, మీ స్కీ, ఒక స్టాప్‌వాచ్ తీసుకెళ్లండి. దగ్గర్లో కోర్సు ఉంటే వేగ నియంత్రణను నేరుగా తూచవచ్చు. గంటకు 55 కిలోమీటర్ల దగ్గర కోర్సు పొడవు 16.95 సెకన్లలో దాటాలి, 58 దగ్గర 16.08లో. పాత బోట్ల స్పీడోమీటర్లు నీటి ఒత్తిడితో పనిచేస్తాయి, గొట్టంలో నాచు చేరితే తప్పు చూపిస్తాయి కాబట్టి ఫోన్‌లో జీపీఎస్ తెరిచి పెట్టుకోండి. స్కీ చేసే మనిషి గట్టిగా లాగుతున్నప్పుడు స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఏమనిపిస్తోందో చూడండి. మంచి స్లాలమ్ బోటు ఆ లాగుడును దాదాపు పట్టించుకోదు.

ఇంటివాళ్లతో నడిపేటప్పుడు కొన్ని నియమాలు మొదటి రోజు నుంచే ఉండాలి. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్‌ని కనీసం నాలుగు నిమిషాలు నడపండి, ఇంజన్ గదిలో చేరిన పెట్రోలు ఆవిరి బయటికి పోతుంది. ఇంజన్ నడుస్తుండగా వెనక ప్లాట్‌ఫామ్ మీద ఎవరూ కూర్చోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అక్కడే చేరుతుంది, దానికి వాసన ఉండదు, పిల్లలు గమనించేలోపే స్పృహ తప్పుతుంది. బోటుకు టవర్ (తాడు ఎత్తున కట్టే లోహపు చట్రం) ఉన్నా స్లాలమ్ తాడును, ట్యూబ్‌ను పైలాన్‌కే కట్టండి. ట్యూబ్ నీళ్లలో ముక్కు దూర్చినప్పుడు పడే బరువుకు టవర్ తయారు కాలేదు.

చివరికి మీ ముందు రెండు బోట్లు మిగులుతాయనుకుందాం. ఒకటి కొత్తగా కనిపించే వి-డ్రైవ్, ఇంకొకటి పాతదైనా లెక్కలన్నీ ఉన్న ఓపెన్ బో డైరెక్ట్ డ్రైవ్. మొదట చెప్పినదానికి ఒక్క మినహాయింపు: ఇంట్లో నలుగురిలో ముగ్గురికి వేక్‌బోర్డే ఇష్టమై, స్లాలమ్ మీ ఒక్కరిదే అయితే వి-డ్రైవ్ తీసుకోండి. బల్లాస్ట్ (అల పెంచడానికి నీళ్లు నింపే ట్యాంకులు) ఖాళీగా ఉంచి, వేగంగా, పొట్టి తాడుతో స్కీ చేస్తే అల భరించగలిగేలా ఉంటుంది. కోర్సుకు వెళ్లాలనుకుంటే స్నేహితుడి బోటు వెనక వెళ్లొచ్చు. ఇద్దరు స్లాలమ్ చేస్తున్నా, ఒక పిల్ల నేర్చుకుంటున్నా డైరెక్ట్ డ్రైవే తీసుకోండి. రెండింట్లో ఏదైనా సరే, నీళ్ల మీద నడిపి చూపించడానికి అమ్మే మనిషి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. కాలం అనుకూలించడం లేదంటే, అనుకూలించేదాకా ఆగుతామని చెప్పి వచ్చేయండి.